టీవీ తెరకి నలుపు ఎందుకంత కష్టం

మొన్న రాత్రి హాల్లో లైట్లన్నీ ఆర్పేసి సినిమా పెట్టుకున్నాను. అందులో ఒక చోట, రాత్రి పూట అడవిలో ఒక మనిషి లాంతరు పట్టుకుని నడుస్తుంటాడు, ఆ లాంతరు తప్ప చుట్టూ ఏమీ కనిపించకూడదు. నా టీవీలో మాత్రం ఆ చీకటంతా బూడిద కలిపిన నీళ్లలా ఉంది. బొమ్మకి పైనా కిందా వచ్చే నల్ల పట్టీలు కూడా సన్నగా వెలుగుతూనే ఉన్నాయి, ఎడమ మూలలో ఇంకాస్త ఎక్కువ. చిరాకేసి టీవీ ఆఫ్ చేస్తే గది ఒక్కసారిగా ఇంకా చీకటైపోయింది. అంటే అంతసేపూ ఆ నల్లటి చోట్ల నుంచి కూడా గదిలోకి వెలుగు పడుతూనే ఉందన్నమాట.

టీవీ పాడవలేదు. మామూలు ఎల్‌సీడీ టీవీ ఏదైనా కొద్దో గొప్పో ఇలాగే ఉంటుంది. నేను చాలా ఏళ్లుగా డిస్‌ప్లేల గురించి దొరికిందల్లా చదువుతున్నాను, చేతికందిన ప్రతి టీవీలో సెట్టింగ్స్ మార్చి చూస్తుంటాను, ఇన్నాళ్లకి నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. టీవీ తెరలు ఎలా మారాయని అడిగితే అందరూ లావు తగ్గడం గురించి, సైజు పెరగడం గురించి, 4కె, 8కె గురించి చెబుతారు. నాకు మాత్రం ఇదంతా నలుపు కథలాగే కనిపిస్తుంది. ఒక చుక్కని బాగా వెలిగిస్తూ దానికి ఆనుకుని ఉన్న చుక్కని పూర్తిగా చీకటిలో ఉంచడం, అదీ సెకనుకి యాభై అరవై సార్లు బొమ్మ మారుతుండగా, దీనికోసమే ఇంజనీర్లు దాదాపు వందేళ్లుగా కుస్తీ పడుతున్నారు.

పిక్చర్ ట్యూబ్‌కి ముందు తిరిగే పళ్లేల టీవీలు ఉండేవి, చిల్లులున్న పళ్లెం తిరుగుతూ బొమ్మని గీతలు గీతలుగా విడగొట్టేది. 1926 జనవరి 26న లండన్‌లో జాన్ లోగీ బెయిర్డ్ చూపించిన బొమ్మలో గీతలు 30 మాత్రమే. అంత తక్కువతో మనిషి ముఖం గుర్తుపట్టేలా చూపించాడంటే మెచ్చుకోవాలి, కానీ ఆ దారి ఎక్కువ దూరం పోలేదు. 1936 నవంబర్‌లో బీబీసీ బెయిర్డ్ పద్ధతినీ, మార్కోనీ-ఈఎంఐ వాళ్ల 405 గీతల ఎలక్ట్రానిక్ పద్ధతినీ పక్కపక్కనే నడిపి చూసి, కొద్ది నెలల్లోనే బెయిర్డ్‌ది వదిలేసింది.

అలా గెలిచిన ఎలక్ట్రానిక్ పద్ధతిలోని పిక్చర్ ట్యూబు అప్పటికి నలభై ఏళ్ల పాతది. 1897లో జర్మనీలో కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ దాన్ని తయారు చేసింది కరెంటు ఎలా మారుతోందో కంటితో చూడటానికి, బొమ్మల కోసం కాదు. 1926 డిసెంబర్ 25న జపాన్‌లో కెంజిరో టకయనగి ఆ ట్యూబు మీద 'ఇ' అనే కటకానా అక్షరం చూపించాడు, కెమెరా వైపు మాత్రం ఇంకా తిరిగే పళ్లెమే. 1927 సెప్టెంబర్ 7న శాన్ ఫ్రాన్సిస్కోలో 21 ఏళ్ల ఫైలో ఫార్న్స్‌వర్త్ కెమెరా వైపూ తెర వైపూ రెండూ ఎలక్ట్రానిక్‌గానే ఉంచి ఒకే ఒక్క గీతని పంపించాడు. నల్లటి నేపథ్యం మీద ఒక గీత అంటే వినడానికి ఏమీ లేనట్టుంటుంది. కానీ ఆ గీత కనిపించాలంటే మిగతా చోటంతా చీకటిగా ఉండాలి కదా, టీవీకి కావలసిన రెండు పనులూ అందులోనే ఉన్నాయి.

పిక్చర్ ట్యూబులో నలుపు రావడం చాలా సహజంగా జరిగేది. వెనక మెడలో ఎలక్ట్రాన్ గన్ ఉంటుంది, ముందు గాజుకి లోపలి వైపు ఫాస్ఫర్ పూత ఉంటుంది, మధ్యలో గాలి తీసేసిన ఖాళీ. కలర్ టీవీల్లో దాదాపు 25,000 వోల్టులతో ఎలక్ట్రాన్లని లాగి ఆ పూత మీదకి కొడతారు, తగిలిన చోట వెలుగుతుంది. మెడ చుట్టూ ఉన్న కాయిల్స్ ఆ కిరణాన్ని ఎడమ నుంచి కుడికి, పై నుంచి కిందికి తిప్పుతూ ఉంటాయి. 625 గీతల టీవీ అయితే సెకనుకి 25 బొమ్మలు, అంటే సెకనుకి 15,625 గీతలు. చిన్నప్పుడు పక్క గదిలో టీవీ వేసి ఉంటే సౌండ్ పూర్తిగా తగ్గించినా సన్నటి కూత ఒకటి వినిపించేది, కిరణాన్ని సెకనుకి అన్నిసార్లు తిప్పే భాగాలు కంపించి చేసే చప్పుడే అది. పెద్దయ్యాక అంత పై స్థాయి శబ్దాలు చెవికి అందవు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకి ఆ కూత తెలిసేది కాదు, నేనే ఊహించుకుంటున్నానని అనేవాళ్లు. చాలా ఏళ్ల తర్వాత కారణం చదివినప్పుడు నాకు నిజంగా సంతోషమేసింది.

సరే, నలుపు. ఆ ట్యూబులో నల్లటి చుక్క కావాలంటే ఆ క్షణంలో కిరణాన్ని ఆపేయడమే. ఎలక్ట్రాన్ తగలకపోతే వెలుగు లేదు, అంతే. చీకటి గదిలో మంచి ట్యూబు టీవీ మీద నక్షత్రాల బొమ్మ చూసినవాళ్లకి ఆ లోతు గుర్తుండే ఉంటుంది.

అయితే పగలు వేరే తంటా. టీవీ కట్టేసి ఉన్నప్పుడు ఆ గాజు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి, ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. గదిలో లైటు వేసి ఉంటే ఆ టీవీ చూపించగలిగే నలుపు అదే, అంతకన్నా నల్లగా పోలేదు. ఫాస్ఫర్ పూత లేత రంగులో ఉండి బయటి వెలుగుని తిప్పికొట్టేది. దీనికి వాళ్లు వేసిన ఎత్తు నాకు భలే నచ్చుతుంది. ముందు గాజుకి కాస్త నలుపు కలిపారు. ఫాస్ఫర్ నుంచి వచ్చే వెలుగు ఆ గాజుని ఒక్కసారే దాటుతుంది, గదిలోని వెలుగు మాత్రం లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగి వచ్చేటప్పుడు ఒకసారి, రెండు సార్లు దాటాలి. కాబట్టి బొమ్మ కొంచెం తగ్గితే అనవసరపు వెలుగు బాగా ఎక్కువ తగ్గుతుంది. 1969లో జెనిత్ కంపెనీ క్రోమాకలర్ అని ఇంకో అడుగు వేసింది, ఫాస్ఫర్ చుక్కల మధ్య ఖాళీల్లో నల్లటి పదార్థం నింపింది. వెలుగు పెంచడానికి నలుపు నింపడమన్నమాట. చుక్కల మధ్య చోటు బయటి వెలుగుని మింగేస్తుంది కాబట్టి అంత చిక్కగా నలుపు కలిపిన గాజు అక్కర్లేకుండా పోయింది, బొమ్మ ప్రకాశంగా కనిపించింది. దానికి ఒక ఏడాది ముందే, 1968లో, సోనీ ట్రినిట్రాన్ వచ్చింది. కలర్ ట్యూబులో కిరణం సరైన రంగు చుక్కకే తగిలేలా గాజు వెనక ఒక చిల్లుల రేకు ఉంటుంది, దాని బదులు నిలువు చీలికలు పెట్టి ఎక్కువ ఎలక్ట్రాన్లు తెరకి చేరేలా చేశారు. నా ఉద్దేశంలో ట్యూబుల కాలంలో అతి గొప్ప రెండు ఆలోచనలు ఈ రెండే.

ఒక విషయం చెప్పి ముందుకి పోతాను. చిన్నప్పుడు పాత స్పీకర్ నుంచి తీసిన అయస్కాంతాన్ని తెర దగ్గరకి తెస్తే రంగులు చెదిరిపోయాయి, తీసేశాక కూడా ఒక మూల ఊదా రంగు మచ్చ రోజుల తరబడి ఉండిపోయింది. గాజు వెనక ఉండే చిల్లుల రేకు ఇనుముతో చేసింది, దానికి అయస్కాంత గుణం అంటుకుని కిరణం పక్క చుక్కకి తగిలేది. ఆన్ చేసినప్పుడు ట్యూబు 'డుమ్' మనేది గుర్తుందా, అది ఆ గుణాన్ని పోగొట్టడానికి పెట్టిన కాయిల్ చేసే చప్పుడు. మా మచ్చ కూడా అలా రోజూ ఆన్ చేయగా చేయగా పోయింది.

ఇక ట్యూబు ఎందుకు పోయిందంటే బరువు. లోపల గాలి ఉండదు, బయట వాతావరణం చదరపు సెంటీమీటరుకి దాదాపు ఒక కిలో చొప్పున నొక్కుతుంటుంది, తెర పెద్దదయ్యేకొద్దీ గాజు మందం పెరగక తప్పదు, దానికి తోడు ఎక్స్-కిరణాలు బయటికి రాకుండా ఆ గాజులో సీసం లాంటి బరువైన పదార్థాలు కలపాలి. ఒక సైజు దాటాక ఇద్దరు మనుషులు మోయలేని పరిస్థితి.

పల్చటి తెరల్లో ముందు ప్లాస్మా గురించి చెప్పాలి, ఎందుకంటే దానికి జరగాల్సిన న్యాయం జరగలేదని నా బాధ. 1964లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో డొనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, రాబర్ట్ విల్సన్ అనే ముగ్గురు ప్లేటో అనే చదువు చెప్పే కంప్యూటర్ కోసం దీన్ని కనిపెట్టారు. రెండు గాజు పలకల మధ్య లక్షల కొద్దీ చిన్న గదులు, వాటిలో వాయువు. కరెంటు ఇస్తే వాయువు అతినీలలోహిత కిరణాలు వదులుతుంది, అవి ఫాస్ఫర్‌ని వెలిగిస్తాయి. ప్రతి చుక్కా తనంతట తాను వెలిగేదే, వెనక లైటు లేదు. కానీ ఆ చిన్న గది వెంటనే వెలగాలంటే దాన్ని ఎప్పుడూ కొంచెం సిద్ధంగా ఉంచాలి, ఆ చిన్న మెరుపు వల్ల నలుపులో కాస్త వెలుగు మిగిలిపోయేది. పయొనీర్ కంపెనీ ఆ మిగిలినదాన్ని కూడా తగ్గించడానికి పట్టుబట్టి 2007లో తెచ్చిన టీవీలకి కూరో అని పేరు పెట్టింది. జపాన్ భాషలో కూరో అంటే నలుపు. ఒక టీవీకి నలుపు అని పేరు పెట్టుకున్న కంపెనీ మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను. 2009లోనే వాళ్లు టీవీల నుంచి తప్పుకుంటున్నట్టు చెప్పేశారు, 2013 చివర పానసోనిక్ కూడా ప్లాస్మా ఆపేసింది. వేడి, కరెంటు ఖర్చు, 4కె అంత చిన్న గదులు చేయడంలో కష్టం, ఇవన్నీ నిజమే. కానీ ప్లాస్మాని ఎక్కువ దెబ్బ తీసింది షోరూమ్ లైట్లే అని నేననుకుంటాను. పట్టపగలులాంటి వెలుగులో పక్కపక్కన పెడితే ఎల్‌సీడీ ధగధగలాడేది, ప్లాస్మా నీరసంగా కనిపించేది, కొనేవాళ్లు మెరిసేదాన్నే ఎంచుకునేవాళ్లు. రాత్రి ఇంటికొచ్చి లైటు ఆర్పాక గాని తేడా తెలియదు.

ఎల్‌సీడీ కథ వింతగా మొదలవుతుంది. 1888లో ఫ్రెడ్రిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కొలెస్టరాల్ నుంచి చేసిన ఒక పదార్థాన్ని వేడి చేస్తుంటే అది రెండు సార్లు కరిగింది. 145.5 డిగ్రీల దగ్గర మబ్బు పట్టినట్టున్న ద్రవంగా మారింది, 178.5 దగ్గర ఆ ద్రవం తేటపడింది. ఆ మధ్యలోది ద్రవంలా పారుతుంది, స్ఫటికంలా కాంతిని మలుస్తుంది. దాన్ని తెరగా మార్చొచ్చని 1968లో అమెరికా కంపెనీ ఆర్‌సీఏలో జార్జ్ హైల్‌మయర్ బృందం చూపించింది, ఆ తర్వాత చాలామంది చేతులు పడ్డాయి, 1988లో షార్ప్ 14 అంగుళాల కలర్ ప్యానెల్ చేసింది.

ఎల్‌సీడీ అసలు వెలగదు. వెనక లైటు వెలుగుతుంది, ముందు లిక్విడ్ క్రిస్టల్ కిటికీ తలుపులా తెరుచుకుని మూసుకుంటుంది. తలుపు ఎంత గట్టిగా మూసినా సందుల్లోంచి వెలుగు కారుతుంది, నా లాంతరు సీన్‌కి పట్టిన గతి ఇదే. లెక్క చూడండి. ఐపీఎస్ అనే రకం ప్యానెల్‌కి తెలుపుకీ నలుపుకీ మధ్య తేడా సుమారు వెయ్యి రెట్లు. తెర వెలుగుని నిట్స్‌లో కొలుస్తారు, తెలుపు 300 నిట్స్ ఉంటే నలుపు 0.3 నిట్స్. పగటిపూట ఎవరికీ కనిపించదు, చీకటి గదిలో కళ్లు అలవాటు పడ్డాక స్పష్టంగా కనిపిస్తుంది. వీఏ అనే రకంలో తేడా మూడు నాలుగు వేల రెట్ల దాకా ఉంటుంది, నలుపు బాగుంటుంది, కానీ పక్క నుంచి చూస్తే రంగులు వెలిసిపోతాయి. టీవీకి ఎదురుగా కూర్చునేవాళ్లయితే కళ్లు మూసుకుని వీఏ తీసుకోమంటాను.

ఇక్కడ ఎల్‌ఈడీ టీవీ అనే పేరు గురించి కూడా చెప్పాలి, చాలామంది మోసపోతున్నారు. అది ఎల్‌సీడీనే. వెనక ఉన్న ట్యూబులైటు లాంటి దీపాలు తీసేసి ఎల్‌ఈడీలు పెట్టారు, అంతే మార్పు. అది చిన్న పనేం కాదు, తెల్లటి ఎల్‌ఈడీ రావాలంటే ముందు నీలం ఎల్‌ఈడీ కావాలి, దాన్ని సాధించిన అకసకి, అమనో, నకమురాలకి 2014లో నోబెల్ ఇచ్చారు. కానీ తలుపు పాతదే, సందులూ అవే.

కొన్ని టీవీల్లో వెనక లైటుని ముక్కలు ముక్కలుగా విడగొట్టి, చీకటి ఉన్న చోట ఆ ముక్కని తగ్గిస్తారు, లోకల్ డిమ్మింగ్ అంటారు. 4కె తెరలో 83 లక్షల పిక్సెళ్లు ఉంటాయి, లైటు ముక్కలు 500 అనుకుంటే ఒక్కో ముక్క కింద పదహారు వేలకి పైగా పిక్సెళ్లు. అంటే ఒక నక్షత్రం వెలగాలంటే దాని చుట్టూ ఉన్న వేల పిక్సెళ్ల వెనక లైటు వెలగాలి. చీకటి సీన్‌లో తెల్లటి సబ్‌టైటిల్స్ చుట్టూ పొగలా కనిపించేది అదే. మినీ ఎల్‌ఈడీలతో ముక్కలు వేలల్లోకి పెరిగాయి, పొగ బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు.

నలుపు లేకపోవడం వల్ల ఇంకో నష్టం కూడా ఉంది, దీని గురించి చాలా తక్కువమంది మాట్లాడతారు. ట్యూబు టీవీలో ఒక చోట కిరణం తగిలి వెలిగిన మరుక్షణమే ఆ వెలుగు తగ్గిపోయేది, మళ్లీ కిరణం వచ్చేదాకా ఆ చోటు చాలావరకు చీకటే. మన కన్ను ఆ మధ్య చీకటిని పట్టించుకోదు, పైగా అది మంచి చేస్తుంది. బంతి కదులుతుంటే కన్ను దాని వెంట నడుస్తుంది, బొమ్మ మాత్రం సరిగ్గా ఉండాల్సిన చోట ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది, కాబట్టి అంచులు పదునుగా ఉంటాయి. ఎల్‌సీడీలో బొమ్మ తర్వాతి ఫ్రేము వచ్చేదాకా, అంటే సెకనులో అరవయ్యో వంతు, ఒకే చోట నిలబడి ఉంటుంది. కన్ను ముందుకి నడుస్తూనే ఉంటుంది కాబట్టి నిలబడిన బొమ్మ కంట్లో సాగిపోతుంది. వార్తల్లో కింద పరిగెత్తే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించేది ఇందుకే. కొన్ని టీవీల్లో ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య కావాలని నల్లటి ఫ్రేము పెట్టే సెట్టింగ్ ఉంటుంది, వెలుగు తగ్గుతుంది, కొందరికి మినుకు తెలుస్తుంది, కానీ ఆటలు చూసేటప్పుడు ఒకసారి వేసి చూడండి.

ఓలెడ్ వచ్చాక మళ్లీ ప్రతి చుక్కా తనంతట తాను వెలగడం, ఆరిపోవడం మొదలైంది. 1987లో కోడాక్‌లో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ కరెంటుతో వెలిగే సన్నటి సేంద్రియ పొరల గురించి ప్రచురించారు. ఫొటో ఫిల్ముకి పేరుపడ్డ కంపెనీలో ఇది పుట్టడం నాకెప్పుడూ ఆశ్చర్యమే. 2007లో సోనీ 11 అంగుళాల టీవీ తెచ్చింది, తెర మందం 3 మిల్లీమీటర్లు. 2013లో ఎల్‌జీ 55 అంగుళాలకి చేరింది. మొదటిసారి చీకటి గదిలో ఓలెడ్ చూసినప్పుడు తెర అంచు ఎక్కడ అయిపోతుందో వెతుక్కున్నాను, కనిపించలేదు. ఆ రోజు నుంచే ఈ నలుపు పిచ్చి ముదిరింది.

అయినా ఓలెడ్‌కి కూడా నలుపుతో పేచీ తీరిపోలేదు. పూర్తి నలుపు సులువు, పిక్సెల్ ఆపేస్తే చాలు. ఆ నలుపుకి ఒక్క మెట్టు పైన ఉండే ముదురు బూడిద చూపించడమే కష్టం, అంత తక్కువ కరెంటుని లక్షల పిక్సెళ్లకి సమానంగా ఇవ్వాలి. తేడా వస్తే నల్లటి కోటు మడతలు మాయమై ఒకే ముద్దలా కనిపిస్తుంది, లేదా చీకటి గోడ మీద మచ్చలు కదులుతుంటాయి. నన్నడిగితే మంచి టీవీని పట్టుకోవాల్సింది నలుపు దగ్గర కాదు, నలుపులోంచి బొమ్మ బయటికొచ్చే ఆ మొదటి నాలుగైదు మెట్ల దగ్గర. ఇంకా తమాషా ఏమిటంటే, 2022లో వచ్చిన క్యూడీ-ఓలెడ్ తెరల్లో వెలుగు పెంచడానికి ముందుండే పోలరైజర్ పొర, అంటే బయటి వెలుగు తిరిగి రాకుండా ఆపే పొర, తీసేశారు, దాంతో గదిలో లైటు వేస్తే నలుపు కాస్త ఊదా బూడిద రంగులోకి మారుతుంది. జెనిత్ వాళ్లు 1969లో పోరాడిన సమస్యే మళ్లీ వచ్చి కూర్చుంది.

హెచ్‌డీఆర్ అంటే వెలుగుకీ చీకటికీ మధ్య ఎక్కువ తేడా చూపించే పద్ధతి, దాన్ని కళ్లు చెదిరే వెలుగు అని ప్రచారం చేస్తారు గానీ దాని లెక్కలో కూడా చీకటికే పెద్ద పీట. వెలుగుని అంకెల మెట్లుగా రాసే, 2014లో ప్రమాణంగా మారిన పీక్యూ అనే పద్ధతి 10,000 నిట్స్ దాకా రాసుకోగలదు, కానీ అందులో ఉన్న మెట్లలో సగం 100 నిట్స్ లోపలే ఖర్చవుతాయి, ఎందుకంటే మన కన్ను తేడాలు బాగా పట్టేది అక్కడే.

చివరిగా మీ టీవీ గురించి. వీడియోలో నలుపు అంటే సున్నా కాదు, వెలుగుని 0 నుంచి 255 దాకా అంకెలుగా రాసే మామూలు 8 బిట్ సిగ్నల్‌లో 16. తెలుపు 235. కంప్యూటర్లు మాత్రం 0 నుంచి 255 దాకా పంపగలవు. పంపేదీ చూపించేదీ వేరే వేరే లెక్కల్లో ఉంటే బొమ్మంతా పాలిపోయినట్టు ఉంటుంది, లేకపోతే నీడలన్నీ మునిగిపోతాయి. సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ అనో ఆర్‌జీబీ రేంజ్ అనో ఉంటుంది, రెండు వైపులా ఒకేలా పెట్టండి. ప్యానెల్‌ని తిట్టుకునే ముందు ఇది చూడండి, చాలా సార్లు తప్పు ఇక్కడే ఉంటుంది.

నేను లాంతరు సీన్ మర్నాడు మళ్లీ చూశాను. బ్యాక్‌లైట్ వందలో ముప్పైకి దింపాను, టీవీ వెనక గోడ మీద పడేలా ఒక చిన్న తెల్ల దీపం పెట్టాను, నేరుగా కంట్లో పడకుండా. గోడ కాస్త వెలిగేసరికి కన్ను అంతగా చీకటికి అలవాటు పడదు, దాంతో తెర మీది బూడిద నల్లబడినట్టు కనిపిస్తుంది. ఎడమ మూల వెలుగు ఇంకా ఉంది, కానీ వెతికితేనే కనిపిస్తోంది. లాంతరు పట్టుకున్న మనిషి వెనక ఒక చెట్టు మొదలు ఉందని, దాని మీద ఒక చెయ్యి ఆనించి ఇంకొకరు నిలబడి ఉన్నారని ఆ రోజే చూశాను.